వక్రీభవనంలో బావ

మా బావ చేసేది పాచిపని. ఈ మాట మా అక్క వినేలా అంటే ఆమె చేతిలో ఏముంటే అది నా నెత్తిన పడుతుంది గానీ, అందులో అబద్ధమేమీ లేదు. జనం టిక్కెట్టు కొనుక్కుని చేపల్ని చూసే పెద్ద భవనంలో రెండంతస్తుల ఎత్తున్న నీళ్ళతొట్టి ఒకటుంది. దాని అద్దాలకి లోపలివైపు పట్టే పాచిని, నీళ్ళలోకి దిగి, అరచెయ్యంత బద్దతో గీకడం ఆయన ఉద్యోగం. "అందరూ పాచిపని చేసి తడుస్తారు, నేను తడిసి పాచిపని చేస్తాను," అని ఆయనే చెప్పుకుంటాడు.

నా ఉద్యోగం అంతకంటే గొప్పది. తొట్టి బయట కుర్చీలో కూర్చుని, లోపలున్న బావని చూడడం. అంతే. "చూసినందుకు జీతమా?" అని ముక్కున వేలేసుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. చూసీ చూడనట్టు పోయినందుకు జీతాలు పుచ్చుకునే పెద్దమనుషులు ఇంతమంది ఉండగా, నిజంగా చూసేవాడికి నాలుగు రాళ్ళు ఇస్తే తప్పేమిటి?

మాతో మూడోవాడు పైవాడు. తొట్టిమీది చెక్కల అరుగు మీద, గాలిపంపు పక్కన కూర్చునే మనిషి. బావ నోటికి బిగించిన పసుపుపచ్చ గొట్టంలోకి గాలి పంపేది ఆయనే. బావ నడుముకి కట్టిన తాడు రెండో కొస ఆయన దగ్గరున్న చక్రానికి ఉంటుంది. "నా ప్రాణం పైవాడి చేతిలో ఉంది," అని బావ అన్నప్పుడల్లా కొత్తగా చేరినవాళ్ళు భక్తిగా పైకి చూస్తారు. పైవాడు బిస్కెట్టు నములుతూ కిందికి చూసి చెయ్యి ఊపుతాడు.

నా కుర్చీ పక్కన పైదాకా పోయే గంటతాడు ఉంది. లోపల ఏదైనా తేడా కనిపిస్తే నేను దాన్ని లాగాలి. పైన గంట మోగుతుంది, పైవాడు చక్రం తిప్పి బావని చేపలా బయటికి లాగేస్తాడు. ఊరికే లాగకూడదు. ఎవరో ఒకసారి కంగారుపడి లాగిస్తే, ఒక్కసారిగా పైకొచ్చిన బావకి ఎడం చెవి పోయింది. ఆ వైపు నుంచి అక్క తిట్టేవి ఇప్పటికీ ఆయనకి వినపడవు. దాన్ని ఆయన నష్టం కింద రాసుకోలేదు.

నాకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్నవాడు పేపరు చదువుకుంటుండగా లోపల బావ గొట్టం మెలికపడింది. ఆయన ఎలాగో తాడు పట్టుకుని పాక్కుంటూ పైకొచ్చాడు. ఆ సాయంత్రమే అక్క నా గదికొచ్చి గుమ్మంలో నిలబడింది.

"నీకు ఎలాగూ పనీపాటా లేదు. ఆ కుర్చీలో నువ్వు కూర్చో. నా మనిషి నీళ్ళలో ఉన్నంతసేపూ నీ కళ్ళు ఆయన మీదే ఉండాలి. ఎలా పంపానో అలా తెచ్చి నాకు అప్పజెప్పాలి."

"తడిపి తెచ్చినా ఫరవాలేదా?"

"ఒరేయ్, నవ్వులాట కాదు."

కాదని ఆమె ముఖం చూస్తేనే తెలిసింది. మర్నాడు చేరిపోయాను.

ఇక ఆ కుర్చీ మూలన ఎందుకు వేశారో చెప్పాలి. తొట్టికి రెండు అద్దాలు. ఎడమది పాత గాజు. కుడి గాజు ఎప్పుడో బీటవేస్తే, దాని స్థానంలో మోచెయ్యంత మందమున్న ప్లాస్టిక్ పలక బిగించారు. నీళ్ళకంటే తేటగా ఉంటుంది. రెండూ మూలలో, మధ్య స్తంభమన్నదే లేకుండా, అంచుకి అంచు అతుక్కుని ఉంటాయి. ఆ మూలకి ఎదురుగా కూర్చుంటే లోపలున్న ఒక్క మనిషి రెండు అద్దాల్లోంచీ విడివిడిగా కనిపిస్తాడు. ఎడమ గాజులో ఒక బావ, కుడి ప్లాస్టిక్కులో ఒక బావ.

మొదటిరోజు చూసి బెదిరిపోయి, "అద్దం ఉంది గానీ అర్థం లేదు బావా," అన్నాను. ఆయన తల తుడుచుకుంటూ నాకు పాఠం చెప్పాడు.

"నువ్వు రోడ్డు మీంచి బురదలోకి ఏటవాలుగా నడిచావనుకో బామ్మర్దీ. ముందు దిగిన కాలు ఏమవుతుంది?"

"బురదవుతుంది."

"జోరు తగ్గుతుందిరా. రెండో కాలు ఇంకా రోడ్డు మీదే ఉంది, దాని జోరు దానిదే. అప్పుడేమవుతావు?"

"పడతాను."

"పడేముందు?"

"పక్కకి తిరుగుతాను."

"అదీ. వెలుతురూ అంతే. నీళ్ళలో ఒక నడక, గాజులో ఒక నడక, ప్లాస్టిక్కులో ఇంకో నడక, గాలిలోకొచ్చాక మరో నడక. నడక మారినచోటల్లా పక్కకి తిరుగుతుంది. ఆ సంగతి నీ కంటికి తెలీదు. తిన్నగా వచ్చిందనుకుని, నేను లేనిచోట నన్ను చూస్తుంది."

"అయితే ఆ ఇద్దరిలో నువ్వెక్కడున్నట్టు?"

"ఇద్దరిలోనూ లేను. వాళ్ళకి కాస్త అవతల ఎక్కడో ఉంటాను. దీన్ని వక్రీభవనం అంటారు."

"ఈ భవనానికి భలే పేరు పెట్టారు."

ఆ రోజు నుంచి మా ముగ్గురికీ అది వక్రీభవనమే అయింది. వెలుతురుకి ఎవరూ వంక పెట్టలేరని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. నీళ్ళూ గాజూ కలిసి శుభ్రంగా పెట్టగలవు.

ఆ రెండు రూపాల్ని కలిపి మేం జంట అనేవాళ్ళం. జంటని చూసేవాడికి ఒక కట్టడి ఉంది. రెంటికీ తేడా వస్తే ఎడమ గాజునే నమ్మాలి. కుడి పలక మందం ఎక్కువ, వేడికి ఉబ్బుతుంది, దాని అంచుల్లో మనుషులు సాగిపోతారు, వంకర్లు పోతారు. ఎడమ గాజు మాటే వేదవాక్కని ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళందరూ ఒకరి తర్వాత ఒకరు నేర్చుకుంటూ వచ్చారు. ఇంకో కట్టడి టార్చిది. ఒక పట్టె గీకడం అయ్యాక బావ బొటనవేలు ఎత్తి చూపిస్తాడు. నేను టార్చి వెలిగించి ఆర్పాలి. వెలగలేదంటే బయట చూసేవాడు లేడని లెక్క. అప్పుడు బావ పని ఆపేసి నిచ్చెనెక్కి వచ్చేయాలి.

ఇలా కొన్నాళ్ళు బాగానే గడిచాయి. ఒక సెలవురోజు పొద్దున, అంటే జనానికి సెలవు, మాకు పని, బావ ఎప్పట్లాగే దిగాడు. ఆ రోజుల్లో హాల్లో దీపాలు వేయరు. తొట్టిలోని వెలుతురొక్కటే బయటికొచ్చి నేలమీదా గోడలమీదా నీలంగా కదులుతూ ఉంటుంది. బావ దిగగానే వెనకాలే అత్తగారు బయల్దేరింది.

కంగారుపడకండి, అది చేప. మూతి ముడుచుకుని, కింది పెదవి వేలాడేసుకుని, ఆయన ఎటు పోతే అటు పోతూ, గీకిన పాచిని రుచి చూసి ఉమ్మేస్తుందని బావ దానికి ఆ పేరు పెట్టాడు. ఆయన అత్తగారంటే నాకు అమ్మవుతుందని గుర్తుచేస్తే, "పోలిక నువ్వే పట్టావు, నేనేమీ అనలేదు," అన్నాడు.

ఎడమ బావ, కుడి బావ. చేతులు కలిసి పైకి, కలిసి కిందికి. ఉయ్యాల చూస్తున్నట్టు ఉంటుంది. చూస్తుండగా కుడివాడి చెయ్యి కిందికి దిగింది. ఆ తర్వాత ఎడమవాడిది దిగింది.

కళ్ళు నులుముకుని చూశాను. కుడివాడు తల తిప్పాడు. ఎడమవాడు, అప్పుడే గుర్తొచ్చినట్టు, తిప్పాడు. నలుగురు పాడుతుంటే పాట రానివాడు పక్కన నిలబడి పెదవులు కదుపుతాడు చూడండి, తేడా అంతే. కానీ ఒకసారి పట్టుబడ్డాక వాడు పాడడం లేదని మనకి తెలిసిపోతుంది కదా.

బావ పైకొచ్చి టీ తాగుతున్నప్పుడు చెప్పాను. "నీ ఎడమవాడు వెనకబడుతున్నాడు బావా."

"ఎడమవాడు ఎడంగా ఉండక మీద పడతాడా?"

"నవ్వులాట కాదు."

ఆ మాట మా ఇంట్లో అక్కది. నా నోట వచ్చేసరికి బావ గ్లాసు దించాడు. కాసేపు నీళ్ళు నమిలాడు. పూటంతా నీళ్ళలో ఉన్న మనిషి బయటికొచ్చి కూడా నీళ్ళు నమలడం నాకు బాగోలేదు.

"నేను నీకు ఇద్దరు కనిపిస్తాను కదా," అన్నాడు. "లోపల్నుంచి నాకు నువ్వూ అంతే. రెండు అద్దాల్లో రెండు కుర్చీలు. ఇద్దరు బామ్మర్దులు."

"పాపం నీ కష్టం ఎవరికీ రాకూడదు."

"ఒకడు నవ్వుతుంటాడు. ఇంకోడు నవ్వడు."

"ఎప్పట్నుంచి?"

"పట్టించుకోలేదురా. పలక మందం కదా, నవ్వు దాన్ని దాటి రాలేదేమో అనుకున్నాను." గ్లాసులోకి చూస్తూ అన్నాడు. "ఇవాళ ఆ నవ్వనివాడు కుర్చీలోంచి లేచాడు. వచ్చి అద్దానికి చేతులానించి నిలబడ్డాడు."

"నేను లేవలేదు బావా."

"తెలుసు. నువ్వు కూర్చునే ఉన్నావు. ఇంకో అద్దంలో."

పైనుంచి పైవాడు, "ఏమిట్రా ఆ గుసగుసలు? నాకు చెప్పరా?" అని కేకేశాడు.

"గాలి కబుర్లులే," అన్నాడు బావ. "నువ్వు పంపినవే."

ఆ సాయంత్రం అక్క అడిగింది. "పని ఎలా ఉందిరా?" నేను ఊపిరాడకుండా జోకులేశాను. పెద్దచేపని, అంటే మా మేనేజరుని, అనుకరించాను. అత్తగారి మూతి పెట్టాను. అక్క నవ్వలేదు.

"నువ్వు జోకు మీద జోకు వేస్తున్నావంటే ఏదో దాస్తున్నావు. చిన్నప్పుడు కాలు విరగ్గొట్టుకున్నరోజు ఇంటిల్లిపాదినీ నవ్వించి చంపావు. ఏమైంది?"

"ఏం మునిగిపోలేదక్కా."

"మునిగేవాడి గురించి అడుగుతుంటే మునిగిపోలేదంటావేంట్రా!"

చెప్పేశాను. ఆమె బట్టలు మడతపెడుతూ విన్నది. మడతపెట్టిందే విప్పి మళ్ళీ మడతపెట్టింది.

"ఆ ఇద్దరిలో నా మనిషిని నువ్వు గుర్తుపట్టగలవా?"

"ఎడమ గాజులో ఉన్నది బావ. అది కట్టడి."

"ఎవరు పెట్టారు కట్టడి?"

నేను ఒక చొక్కా తీసుకుని మడతపెట్టబోయాను.

"కట్టుకున్నదాన్ని నేను," అంది. "నువ్వు కట్టడిని కాదు, మనిషిని చూడు."

పని మానెయ్యమని ఆమె బావని బతిమాలింది. తిట్టింది కూడా, చెవి వినిపించే వైపు నుంచే. "పుట్టినప్పట్నుంచి చేసింది ఈ పనొక్కటే, ఇప్పుడు వెలుతురు తిక్కగా ఉందని మానేస్తే ఎవరిస్తారే ఇంకో పని? తేలిగ్గా తీసుకో, నేను తేలుతూనే ఉంటాను," అన్నాడట.

తర్వాతి సెలవురోజుకి తొట్టిలో కొత్త బండ వెలిసింది. ఫైబరుతో చేసిన బోలు బండ. నిండా కన్నాలు. చేపలు ఒక కన్నంలో దూరి ఇంకో కన్నంలో తేలితే జనం చప్పట్లు కొడతారని పెద్దచేప తెప్పించాడు. బావ దానివైపు చూసి, "చేపలతో పాటు నా గొట్టం కూడా దూరుతుంది," అని గొణుక్కుని దిగాడు.

నేను టార్చి పట్టుకుని కూర్చున్నాను. జంట బాగానే నడుస్తోంది. చేతులు కలిసి పైకి, కలిసి కిందికి. బొటనవేలు, టార్చి. ఇంకో పట్టె. బొటనవేలు, టార్చి. నేనే ఏదో ఊహించుకుని అక్కని హడలగొట్టానేమో అనుకున్నాను. తేలికపడ్డాను.

బావ బండ వెనక్కి వెళ్ళాడు. ఇద్దరూ కనుమరుగయ్యారు. మళ్ళీ ఇద్దరూ వచ్చారు.

ఎడమవాడు నేరుగా గాజు దగ్గరికొచ్చి గీకడం మొదలుపెట్టాడు. కుడివాడు సగం దూరం వచ్చి ఆగిపోయాడు. వెనక అతని గొట్టం బిగిసి తీగలా నిలబడింది. దాని మధ్యభాగం బండ కన్నంలో ఉంది. కుడివాడు వెనక్కి తిరిగి గొట్టాన్ని లాగాడు. మళ్ళీ లాగాడు. చెయ్యి గొంతు దగ్గరికి పోయింది.

నా చెయ్యి గంటతాడు మీద పడింది. పడి ఆగింది. ఎడమవాడు నింపాదిగా గీకుతున్నాడు. పైనుంచి కిందికి, పైనుంచి కిందికి. పలక వంకరలు చూపిస్తుంది, ఎడమ గాజునే నమ్మాలి, ఊరికే లాగితే ఉన్న ఒక్క చెవీ పోతుంది. ఎడమవాడు పట్టె ముగించాడు. నావైపు తిరిగి బొటనవేలు ఎత్తాడు.

నా రెండో చెయ్యి, నన్నడక్కుండానే, టార్చి వెలిగించి ఆర్పింది.

కుడి పలకలో బావ ఆ వెలుతురు చూశాడు. నీళ్ళలో కళ్ళద్దాల వెనక ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. నేను జవాబిచ్చాను. అంతా బాగుందని చెప్పాను. ఆయనకి కాదు.

కుర్చీలోంచి లేచాను. అద్దానికి చేతులానించి నిలబడ్డాను. లోపల్నుంచి చూస్తే నా ముఖంలో నవ్వుండదు కదా అన్న సంగతి ఆ క్షణంలో తట్టింది గానీ, ఆలోచించడానికి వ్యవధి లేదు. ఎడంచెయ్యి గాజు మీద ఉంది. బావ గీకుతుంటే ఆ గాజు సన్నగా వణుకుతుంది, పళ్ళు జివ్వుమంటాయి, రోజూ ఎరిగిన సంగతే. నా అరచేతికి జానెడు దూరంలో బద్ద పైకీ కిందికీ పోతోంది. గాజు వణకలేదు. చల్లగా, నిశ్చలంగా ఉంది. అతని వెనక అత్తగారు లేదు. ఏ చేపా లేదు.

కుడిచెయ్యి పలక మీద ఉంది. పలకలోంచి నా ఎముకల్లోకి వస్తోంది. దబ్. దబ్. బావ ఎలాగో పలకదాకా చెయ్యి చాపి పిడికిలితో కొడుతున్నాడు. అత్తగారు ఆయన తల చుట్టూ పిచ్చిదానిలా తిరుగుతోంది. వెలుతురు ఎన్ని వంకలైనా తిరగనీ, ఆ దెబ్బ మాత్రం తిన్నగా వచ్చింది.

గంటతాడు తెగేలా లాగాను. "లాగు! పైవాడా, లాగు!"

పైన చక్రం కీచుమంది. కుడి పలకలో గొట్టం ఊడి పాములా కొట్టుకుంది, బావ కాళ్ళు నా తలమీదుగా పైకి పోయాయి. నేను మెట్లవైపు పరిగెత్తబోతూ ఒక్కసారి ఎడమ గాజువైపు చూశాను. అందులోంచి పైకి ఎవరూ పోలేదు. అతను తర్వాతి పట్టె మొదలుపెట్టాడు.

పైన చెక్కల మీద బావ బోర్లా పడి ఉన్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. పైవాడు మోకాళ్ళ మీద కూర్చుని వీపు నొక్కుతూ, "మామా, ఊపిరి తియ్యి, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఊపిరి తియ్యి," అంటున్నాడు. వరస కలిపి అంత ప్రేమగా పిలవడం ఎప్పుడూ వినలేదు. బావ నోట్లోంచి నీళ్ళొచ్చాయి. దగ్గు వచ్చింది. ఆ దగ్గంత తియ్యని చప్పుడు నేను ఇంతవరకూ వినలేదు. కళ్ళు తెరిచి నన్ను వెతికి పట్టుకున్నాడు.

"టార్చి ఎవరికి కొట్టావురా?"

నేను తొట్టిలోకి చూశాను. పైనుంచి చూస్తే నీళ్ళలో మనిషన్నవాడు లేడు. బండా, చేపలూ, కన్నంలో ఇరుక్కున్న పసుపు గొట్టం. అంతే. మెట్లు దిగి మూలకొచ్చి ఎడమ గాజులోంచి చూశాను. ఉన్నాడు. పట్టె ముగించి, బొటనవేలు ఎత్తి, నాకోసం చూస్తున్నాడు.

బావని ఆ పూటంతా ఆసుపత్రిలో ఉంచుకుని పంపేశారు. ఇంటికి తీసుకెళ్ళేసరికి అక్క గుమ్మంలో ఉంది. ఆమె ఆయన వైపు చూడలేదు. గట్టిగా కళ్ళు మూసుకుని తల, చెవులు, భుజాలు, చేతివేళ్ళ దాకా ఒక్కొక్కటే తడిమి చూసింది. వేలికొసన బద్ద కోసిన పాత మచ్చ తగిలాక కళ్ళు తెరిచి, "ఈయనే," అంది. ఆ రాత్రి నాకు కడుపునిండా పెట్టింది.

బావ మళ్ళీ నీళ్ళలో దిగలేదు. పెద్దచేప ఆయన్ని గేటు దగ్గర టిక్కెట్లు చింపే పనిలో వేశాడు. "ఇన్నాళ్ళూ పాచి గీకాను, ఇప్పుడు కాగితాలు చింపుతున్నాను, ఎదుగుదల అంటే ఇదే," అంటాడు. కూర్చునే పని కదా, పొట్ట కూడా వచ్చింది. ఆయన స్థానంలో ఎవర్నీ పెట్టలేదు. కుడి పలకని పైనుంచి పొడుగు కర్రకి కట్టిన బ్రష్షుతో పైవాడే తోముతున్నాడు. ఎడమ గాజుకి తోమే అవసరం లేదు. దానికి పాచి పట్టడం లేదు. పెద్దచేప దాన్ని నిమిరి చూసుకుని, పాత గాజు నాణ్యతే వేరని మురిసిపోతుంటాడు.

నేను మాత్రం సెలవురోజున ఆ కుర్చీలో కూర్చోవలసిందే. ఎందుకంటే ఒకసారి నా చేతిలోంచి టార్చి జారి కుర్చీ కిందికి దొర్లింది. నేను వంగి వెతుక్కుంటున్నాను. లేచి చూస్తే ఎడమ గాజులో అతను పని ఆపేసి, బద్ద నడుముకి దోపుకుని, పైకి వెళ్తున్నాడు. అదే నిమిషంలో పైవాడి గొంతు వినిపించింది. అంత సన్నటి గొంతు ఆయనకి ఉందని నాకు తెలియదు.

"ఒరేయ్ తమ్ముడూ, నిచ్చెన కదులుతోంది. నీళ్ళలో ఎవరూ లేరు. నిచ్చెన కదులుతోందిరా."

టార్చి దొరికింది. వెలిగించాను, ఆర్పాను, మళ్ళీ వెలిగించాను. అతను ఆగి, కిందికి చూసి, నెమ్మదిగా దిగి, వదిలేసిన చోటే గీకడం మొదలుపెట్టాడు. పైవాడు ఆ పూట బిస్కెట్లు ముట్టలేదు.

ఈ సంగతులు బావకి చెప్పలేదు. అక్కకి చెప్పకుండా ఉండలేకపోయాను.

"నన్ను తీసుకెళ్ళు," అంది.

"వద్దక్కా. నీ మనిషిని తెచ్చి నీకు అప్పజెప్పాను. ఇంకా అక్కడేముంది?"

"ఏముందో చూస్తేనే కదా తెలిసేది."

తర్వాతి సెలవురోజున, బావ ఇంట్లో నిద్రపోతుండగా ఇద్దరం వెళ్ళాం. హాల్లో మా అడుగులే వినిపించాయి. అక్క కుర్చీలో కూర్చుంది, నేను వెనక నిలబడ్డాను. కుడి పలకలో చేపలు, బండ, అడుగున అత్తగారు. ఎడమ గాజులో అతను గీకుతున్నాడు. నేను ఏదో ఒక జోకు వెయ్యాలని నోరు తెరిచాను. వెతికితే ఒక్కటీ దొరకలేదు.

పట్టె అయింది. అతను తిరిగి బొటనవేలు ఎత్తాడు. నేను టార్చి వెలిగించాను. మామూలుగా అంతటితో పనిలో పడిపోతాడు. ఆ రోజు పడలేదు. బద్ద కిందికి దించి, గాజు దగ్గరికొచ్చి, అక్కవైపు చూస్తూ నిలబడ్డాడు. నీళ్ళలో ఉన్న ఎవరైనా మన కంటికి దగ్గరగా, ఒడ్డునున్నప్పటికంటే ఒళ్ళు చేసినట్టు కనిపిస్తారు. అలా కనిపించేచోట కూడా అతని బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. మెడ దగ్గర ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి.

అక్క లేచి గాజుమీద చెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

"చిక్కిపోయారురా," అంది.